కొత్తదే కదా అంటారు

మొన్న శనివారం మా ఇంటికొచ్చిన కడప కుర్రాడు, బల్ల మీద విప్పిపెట్టిన నా కొత్త రైఫిల్ చూసి, "కొత్తదే కదన్నా, దాన్ని కడిగేదేంది?" అన్నాడు. అమ్మిన దుకాణంలోనూ అదే మాట విన్నాను. పక్కింటి పెద్దాయనా అదే అన్నాడు. వారమైంది, ఆ మాట నన్ను వదలడం లేదు.

మాది రొళ్ల. మడకశిర దాటి, కర్ణాటక గట్టు పక్కన ఉంటుంది. ఇప్పుడుండేది మిజోరీ రాష్ట్రంలోని రాలా. ఇంగ్లిషులో రాస్తే రెండు ఊళ్లకూ అవే ఐదు అక్షరాలు. ఇక్కడ నవంబర్ నడుమ జింకల వేట మొదలవుతుంది. పిల్లల బడిలోనూ అదే కబురు, కిరాణా కొట్టులోనూ అదే కబురు. ఇన్నేళ్లూ చూస్తూ ఊరుకున్నవాణ్ని, ఈ ఏడు వేట శిక్షణ తరగతి పూర్తిచేసి, బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఒకటి కొన్నాను.

కొత్తదైతే కడగక్కర లేదని మన ఇళ్లలో ఎవరన్నారు? మా అవ్వ కొత్త కుండను మూడు రోజులు నీళ్లలో నానబెట్టి, గంజి కాచి పారబోసి, ఆ తర్వాతే అన్నం వండేది. కొత్త రోట్లో మొదట తవుడు రుబ్బేది, రాతిపొడి పంటికి తగలకూడదని. ఇనుప పెనం నూనె తాగి నల్లబడేదాకా దాని మీద దోసె పోసేది కాదు. సంతలో కొన్న ఎద్దును ఆ రోజే కాడికి కట్టిన రైతును నేను చూడలేదు. కుండకూ రోటికీ ఇంత జాగ్రత్త ఉన్నప్పుడు, చెంప ఆనించి పేల్చే తుపాకికి ఎందుకుండకూడదు?

పెట్టెలోంచి తీయగానే బోల్ట్ వెనక్కి లాగి, తూటా గది ఖాళీగా ఉందా అని కంటితో చూశాను, చిటికెన వేలుతో తడిమాను. తర్వాత బోల్ట్ ఊడదీసి గొట్టాన్ని కిటికీ వైపు పట్టుకున్నాను. మెలిక తిరిగిన గాడులు మసకగా కనిపించాయి. ఆ మసక, తుప్పు పట్టకుండా ఫ్యాక్టరీలో పూసిన నూనెది. ఆ జిడ్డు గొట్టంలో ఉండగా పేలిస్తే ఒత్తిడి పెరగొచ్చు, మొదటి గుండు ఎక్కడ తగులుతుందో నమ్మకం ఉండదు. బోల్ట్‌లో చిక్కటి జిడ్డు మిగిలితే, నవంబర్ తెల్లవారుజాము చలికి గడ్డకట్టి, తూటాను పేల్చే సూది మందగించవచ్చు.

శుభ్రం చేసే కడ్డీని వెనక నుంచే దూర్చాలి, మూతి వైపు నుంచి కాదు. గొట్టంలో గుండు చివరగా తాకేది ఆ మూతి అంచునే. అక్కడ కడ్డీ రాసుకుని అంచు అరిగితే గురి చెడుతుంది. సాల్వెంట్‌లో తడిపిన మొదటి గుడ్డముక్క గోధుమరంగు జిడ్డుతో వచ్చింది. రెండోదీ అంతే. బ్రష్ పదిసార్లు తోసి, కాసేపు ఆగి ఇంకో గుడ్డముక్క తోస్తే, అది నీలంగా, అక్కడక్కడా పచ్చగా బయటికొచ్చింది. రాగి! చాలా కంపెనీలు ఒకటి రెండు గుళ్లు పేల్చి పరీక్షించాకే తుపాకి పంపుతాయి. అంటే అందరూ కొత్తదే కదా అన్నది, నా చేతికి రాకముందే పేలింది. తెల్లగుడ్డ తెల్లగానే వచ్చేదాకా తోశాను. పలచగా నూనె పూసి, స్క్రూలు బిగించి చూసి, గొట్టం మీద చెక్కిన .308నూ తూటా అడుగున ఉన్న అంకెనూ పక్కపక్కన పెట్టి చదివాను.

మా తాత తుపాకితో దీన్ని పోల్చబోతే కుదరదు. ఆయనది మూతి నుంచి మందు దట్టించే నాటు తుపాకి, పంట కాపలాకు లైసెన్సు ఇచ్చినది. చెనిక్కాయ చేను ఊడలు దిగే వేళకు అడవిపందులు వచ్చిపడేవి. రాత్రికి రాత్రి సాళ్లన్నీ తవ్విపోసేవి. తాత మంచె మీద నుంచి ఆకాశంలోకి ఒకటి పేల్చేవాడు, అంతే. దాని గొట్టం వెనక మూసి ఉంటుంది, వెలుతురు పట్టి చూసే వీలుండదు. అందుకని మందు దట్టించే కడ్డీని, అంటే గజాన్ని, లోపలికి జారవిడిచి చెవి పెట్టేవాడు. "మోగితే ఖాళీ అప్పా. మోగకుంటే లోపల ఏదో ఉండాది."

ఎన్నికలొస్తే తుపాకిని ఠాణాలో అప్పగించేవాళ్లు. ఒకసారి తిరిగొచ్చాక గజం వేస్తే, నాలుగు వేళ్లు పైనే ధబ్‌మని ఆగింది. వేడినీళ్లు పోసి, కడ్డీకి గుడ్డ చుట్టి పొడిస్తే మట్టి ముద్దలుగా వచ్చింది. కందిరీగ గూడు. చూడకుండా మందు కూరి ఉంటే గొట్టం చీలేది, ఆయన చేయి పోయేది. అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ మట్టి వాసన ఇప్పటికీ గుర్తుంది. ఆరబెట్టి, ఆముదం పూసి, దసరా నాడు కొడవళ్ల పక్కన పెట్టి కుంకుమ బొట్టు పెట్టాడు.

ఇక్కడి వేట పద్ధతి నాకు నచ్చుతుంది, దాచను. ఒకప్పుడు ఈ రాష్ట్రంలో జింకలు దాదాపు కనుమరుగయ్యాయి. కొన్నేళ్లు వేట పూర్తిగా ఆపి, 1944లో మళ్లీ తెరిచారు. కొట్టిన జింక మాంసాన్ని పేదలకు పంచే ఏర్పాటూ ఉంది. కానీ, "మీ దేశంలో వేట లేదట కదా" అని జాలిపడితే మాత్రం ఒప్పుకోను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక సరదా వేట మాకు లేదు, నిజమే. అయినా తుపాకి ముట్టే పద్ధతి నేను ఇక్కడ నేర్చుకున్నది కాదు. ఈ శిక్షణ తరగతిలో మొదట చెప్పిన మాట, గొట్టం ఖాళీగా ఉందో లేదో నీ అంతట నువ్వే చూసుకో అని. దాన్ని మా తాత చెవితో వినేవాడు.

కడప కుర్రాడూ వేట లైసెన్సు తీసుకుని తుపాకి కొన్నాడట. పెట్టె తెరిచి, చూసి, మూసి పెట్టాడట. ఆదివారం పట్టుకురమ్మన్నాను. పాత బనియన్లు ఉతికి ముక్కలు కోసి ఉంచాను.