అలుపు తీర్చుకునే కొండమీద

పిల్లలూ! స్కాట్లండ్ దేశంలో ఒక కనుమ ఉన్నది. దాని పేరు "రెస్ట్ అండ్ బీ థాంక్‌ఫుల్". "అలుపు తీర్చుకో, కృతజ్ఞతతో ఉండు" అని దాని అర్థం. దారినపోయేవాడికి ఇలా సలహా చెప్పే పేరు నేను మరెక్కడా వినలేదు. ఆ కనుమమీద నాకు జరిగిన సంగతి ఇప్పుడు మీకు చెబుతాను.

ముందు ఆ పేరు ఎలా వచ్చిందో వినండి. 1740 తరవాతి సంవత్సరాలలో ప్రభుత్వంవారు, సైన్యాలు నడవటానికి వీలుగా ఆ కొండలలో రోడ్లు వేయించారు. రోడ్డు వేసింది సైనికులే. వాళ్ళు రాళ్ళు మోసి, గట్లు తవ్వి, గ్లెన్ క్రో అనే లోయగుండా రోడ్డును పైదాకా తీసుకువెళ్ళారు. పైకి చేరినచోట ఒక రాయి పాతి, దానిమీద ఈ మాటలు చెక్కారు. ఆ రాయి పాడైపోతే, అక్కడే మరొక రాయి నిలిపారు.

ఈ కనుమ ఎత్తు సుమారు 245 మీటర్లు. మన తిరుమల కొండలో మూడోవంతు కూడా లేదు. అయినా నవ్వకండి. కొండ కింద ఉన్న అరోకర్ అనే ఊరు సముద్రపు పాయ ఒడ్డున ఉన్నది. అంటే ఆ ఎత్తంతా సముద్రమట్టంనుంచి ఎక్కవలసిందే. పైగా ఆ కొండచరియలు తరచు విరిగిపడుతూ ఉంటాయి. 2020 ఆగస్టులో వేల టన్నుల మట్టీ రాళ్ళూ జారిపడి రోడ్డు మూసుకుపోయింది. అటువంటప్పుడు వాహనాలను లోయ అడుగున ఉన్న ఆ పాత సైనికుల రోడ్డుమీదనే నడిపిస్తారు.

మా అమ్మాయీ అల్లుడూ గ్లాస్గో నగరంలో ఉంటారు. నేను వాళ్ళను చూడబోయినప్పుడు, అల్లుడు ఒక పాత కేంపర్ వ్యానులో మమ్మల్ని ఊళ్ళు తిప్పటానికి తీసుకువెళ్ళాడు. కేంపర్ వ్యాను అంటే చక్రాలమీద చిన్న ఇల్లన్నమాట. అందులో పడుకునేందుకు పరుపులూ, వంటకు పొయ్యీ, నీళ్ళ తొట్టీ అన్నీ ఉంటాయి. మా వ్యాను జపానులో తయారైంది. జపానులోనూ, బ్రిటన్‌లోనూ మనకు మల్లేనే రోడ్డుకు ఎడమపక్కన నడుపుతారు. అందుచేత జపానులో వాడిన వ్యానులు బ్రిటన్‌కు చాలా వస్తాయి.

ఆ వ్యానుకు ఇంజను ముందు భాగంలో లేదు, ముందు సీట్ల కింద ఉన్నది. సీటు పైకెత్తితే ఇంజను కనబడుతుంది. ఇరుకైన పెట్టెలో నిప్పుల కుంపటి పెట్టినట్టే. అందుకని ఆ పెట్టెలోని వేడిగాలిని బయటికి లాగెయ్యటానికి ఒక చిన్న విద్యుత్ ఫ్యాను అమర్చారు. రేడియేటరును చల్లబరిచే ఫ్యాను వేరు, ఇది వేరు. మేము ఎక్కడ ఆగినా, ఇంజను ఆపిన ఒకటి రెండు నిమిషాలకు ఇది తనంతట తానే "గుర్ర్" మంటూ తిరిగేది. కాస్సేపు తిరిగి, తానే ఆగిపోయేది. పదేళ్ళ మా మనుమరాలు దీనికి "వ్యాను గురక" అని పేరు పెట్టింది.

ఇంజను ఆపాక ఫ్యాను తిరగటమేమిటి అని మీకు సందేహం కలగవచ్చు. ఉడుకుతున్న అన్నం గిన్నె కింద పొయ్యి ఆపి చూడండి. ఆపిన తరవాత కూడా కాస్సేపు కుతకుతలాడుతూనే ఉంటుంది. ఇంజను సంగతీ అంతే. బండి పోతూ ఉంటే ఎదురుగాలి వేడిని కొట్టుకుపోతుంది, పంపు నీటిని తిప్పుతూ ఉంటుంది. బండి ఆగగానే గాలీ ఆగుతుంది, పంపూ ఆగుతుంది. ఇనుములో ఉన్న వేడిమాత్రం ఆగదు. అది చుట్టూ ఉన్న గాలిలోకి వస్తుంది. అందుచేత ఇంజను ఆపిన తరవాత ఆ పెట్టెలో వేడి తగ్గకపోగా, కొంతసేపు పెరుగుతుంది! రబ్బరు గొట్టాలూ, తీగెల పైతొడుగులూ ఆ వేడికి గట్టిపడి పగులుతాయి.

జూలై మాసంలో ఒకనాడు పొద్దున లోమండ్ సరస్సు ఒడ్డునుంచి బయలుదేరాం. అరోకర్ దాటి కొండ ఎక్కుతుంటే, రోడ్డు మరమ్మతుకోసం ఒకే వరస వాహనాలను వదులుతున్నారు. ఎర్రదీపం దగ్గర ఆగుతూ, చీమల్లా పాకుతూ పైకి చేరాం. వ్యాను నిలిపి కిందికి చూస్తే, పచ్చటి లోయ, అందులో దారప్పోగులాంటి సైనికుల రోడ్డు. నేను ఆ అందం చూస్తూ నిలబడిపోయాను.

"తాతయ్యా, వ్యాను ఇవాళ గురక పెట్టటం లేదేం?" అన్నది మనుమరాలు.

"మంచిదేగా, అమ్మలూ! ఇక్కడ చల్లగాలి వేస్తున్నది. ఇంజను వేడెక్కి ఉండదు," అన్నాను.

"నిన్న చదునైన రోడ్డుమీద కొంచెం దూరం వస్తేనే గురక పెట్టిందే! ఇవాళ ఇంత కొండ ఎక్కిందిగా?"

నేను ముప్ఫై ఆరేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి. చూడకుండా జవాబు చెప్పవద్దని ఎందరు పిల్లలకో చెప్పాను. ఇప్పుడు నేనే చూడకుండా జవాబు చెప్పాను. సిగ్గుపడి, వెళ్ళి సీటు కింద రేకుమీద చెయ్యి పెట్టబోయాను. సెగ తగిలి చెయ్యి వెనక్కు తీశాను.

"ముల్లు మామూలుగానే ఉన్నది, మామయ్యగారూ!" అన్నాడు అల్లుడు. నిజమే. కాని ఆ ముల్లు చూపేది ఇంజనులోని నీటి వేడిని. పెట్టెలోని గాలి వేడిని అది చూపదు.

అల్లుడు తలుపులన్నీ తెరిచాడు. చేతికి మందపాటి తొడుగు వేసుకుని సీటు పైకెత్తి, వేడిగాలి పోవటానికి దారి చేశాడు. అరగంట ఎవ్వరం ఇంజను జోలికి పోలేదు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తియ్యకూడదు, సలసల కాగే నీళ్ళు మొహానికి ఎగజిమ్ముతాయి. తరవాత అల్లుడు బ్యాటరీ తీగె విప్పాడు. ఎందుకంటే ఈ ఫ్యాను తాళంచెవి తీసినా తిరగగలదు. చెయ్యి అక్కడ ఉండగా తిరిగిందంటే వేళ్ళు దక్కవు.

నేను ఒక కాగితంమీద బొమ్మ గీశాను: బ్యాటరీ, ఫ్యూజు, రిలే, ఫ్యాను, వేడికి పనిచేసే స్విచ్చి. "ఇంట్లో కుళాయి రాకపోతే ఏం చేస్తాం? ట్యాంకులో నీళ్ళున్నాయా, గొట్టంలో వస్తున్నాయా, కుళాయి సరిగా ఉన్నదా అని వరసగా చూస్తాం. కరెంటు విషయంలో కూడా అంతే," అన్నాను. రిలే అంటే, కొద్దిపాటి కరెంటుతో ఎక్కువ కరెంటును వదిలే స్విచ్చి. ఇటువంటి వేడి స్విచ్చీలు చాలావాటిలో రెండు లోహాలు అతికించిన రేకు ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువ సాగుతుంది, ఒకటి తక్కువ సాగుతుంది. దాంతో రేకు వంగి, తీగెలను కలుపుతుంది. మీ ఇంట్లోని ఇస్త్రీపెట్టెలో ఇటువంటిదే ఉండవచ్చు.

అల్లుడు ఫ్యూజు తీసి వెలుతురుకు ఎత్తి చూశాడు. లోపలి తీగె తెగి ఉన్నది. "దొరికింది దొంగ! కొత్త ఫ్యూజు వేస్తే సరి," అన్నాడు సంతోషంగా.

"ఆగండి బాబూ! ఫ్యూజు దొంగ కాదు, కాపలావాడు. వాడు ఎందుకు పడిపోయాడో తెలుసుకోవాలి," అన్నాను. మన పల్లెలలో ఫ్యూజు పోతే లావుపాటి తీగె చుట్టేవాళ్ళు ఉంటారు. అది కాపలావాడి కాళ్ళూ చేతులూ కట్టెయ్యటమే. అప్పుడు ఫ్యూజుకు బదులు ఇల్లే కాలుతుంది.

నేను మళ్ళీ పంతులునై అడిగాను: "ఒక వస్తువు నిన్న పనిచేసి ఇవాళ చెయ్యలేదంటే, ముందు వేసుకోవలసిన ప్రశ్న ఏది? నిన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఏం మారింది?"

మా అమ్మాయి కొంచెం ఆలోచించి, "పొద్దున మీరు సీటు ఎత్తి ఇంజను ఆయిలు చూశారు కదా, నాన్నా!" అన్నది.

"చూశాను. పుల్ల తీసి, గుడ్డతో తుడిచి, మళ్ళీ ముంచి..."

నా మాట ఆగిపోయింది. జేబులు తడుముకున్నాను. ఆ గుడ్డ లేదు.

అల్లుడు టార్చి వేసి లోపలికి చూశాడు. ఫ్యాను రెక్కలకు చుట్టుకుని, ఆకుపచ్చ అంచు ఉన్న నా పాత పంచె ముక్క కనిపించింది! నేను దాన్ని పక్కన పెట్టి, మరిచిపోయి సీటు దించేశాను. కొండ ఎక్కుతుండగా ఫ్యాను తిరిగి, గాలితోపాటు గుడ్డనూ లాగేసుకున్నది. రెక్కలు బిగుసుకుపోయాయి. తిరిగే మోటారు తనలోకి వచ్చే కరెంటును కొంత ఎదురునెట్టి అదుపులో ఉంచుతుంది. బిగుసుకుపోతే ఆ ఎదురు ఉండదు, కరెంటు వెల్లువలా వస్తుంది. ఫ్యూజు తాను తెగిపోయి మోటారును కాపాడింది.

గుడ్డ బయటికి తీశాక చూస్తే, ఒక కొస గోధుమరంగుకు మాడి ఉన్నది. అది పొగగొట్టానికి తగులుతూ వచ్చింది. మేము నలుగురం కూర్చున్నది సరిగ్గా దాని పైన. కొంతసేపు ఎవ్వరమూ మాట్లాడలేదు.

"తప్పు నాదే," అన్నాను. పరికరం తీసినచోట పెట్టలేదని నేను బెంచీ ఎక్కించిన పిల్లలందరూ ఆ క్షణాన కళ్ళముందు మెదిలారు.

ఎవ్వరూ నన్ను ఒక్క మాట అనలేదు. అల్లుడు రెక్కలు వేలితో తిప్పి చూశాడు. సులువుగా తిరిగాయి. పాత ఫ్యూజుమీద ఎంత అంకె ఉన్నదో అంతే అంకె ఉన్న కొత్తది పెట్టి, బ్యాటరీ తగిలించాడు. కాని అప్పటికి ఇంజను చల్లబడింది, ఫ్యాను తిరగవలసిన పని లేదు. అది బాగయిందీ లేనిదీ ఎలా తెలుస్తుంది?

మళ్ళీ బయలుదేరి, ఫైన్ అనే సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఇన్వరెరీ ఊరు చేరాం. తెల్లటి గోడల చిన్న ఊరు. అల్లుడు ఇంజను ఆపాడు. నలుగురం దిగి, ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఒక నిమిషం గడిచింది. ఏమీ లేదు. రెండో నిమిషం కూడా గడిచింది. మా అమ్మాయి నావైపు చూసింది.

"గుర్ర్..." మన్నది వ్యాను.

"గురక! గురక!" అని మనుమరాలు చప్పట్లు కొట్టింది. కనుమమీద రాతిలో చెక్కిన రెండు మాటల్లో మొదటిది నేను కొండమీదే చేశాను. రెండోది, నిజంగా, అప్పుడు చేశాను. వినవలసిన చప్పుడు వినబడలేదని గుర్తించింది ఆ పిల్ల ఒక్కతే.

పిల్లలూ! ఇంజన్ల మీదా, కరెంటు మీదా పెద్దలు లేకుండా చెయ్యి వెయ్యకండి. చెవులు మాత్రం తెరిచి ఉంచండి. ఆ పంచె ముక్కను ఉతికి ఇంటికి తెచ్చుకున్నాను. మాడిన కొస ఎంత ఉతికినా తెల్లబడలేదు. ఇప్పుడది నా బల్లమీద, ఎదురుగా ఉంటుంది.