ఎడమచేతి పిల్లని ఆడనివ్వండి వదినగారూ

వదినగారూ, వంట అయిందా? ఒక్కసారి ఇలా గోడ దగ్గరికి రండి. మీ మనవరాలు హాకీ సెలక్షన్లకి కాకినాడ వెళ్తానంటే మీరు వద్దన్నారట కదా! పొద్దున్న పాలపేకెట్లు పట్టుకెళ్తూ చెప్పింది, కళ్ళనిండా నీళ్ళు. అప్పట్నించీ నాకు పని మీద మనసు లేదండి.

ఆ ఊళ్ళో నేనూ ఆడాను. మీకెప్పుడూ చెప్పలేదు గానీ, పదో తరగతిలో ఉండగా, 1986లో. భీమవరంలో ప్యాసింజరెక్కి, నిడదవోల్లో ఒకసారి, సామర్లకోటలో ఒకసారి బండి మారి, పొద్దుగూకే వేళకి చేరాం. స్టిక్కులన్నీ కలిపి ఒకే గోనెసంచిలో కట్టుకున్నాం. నా స్టిక్కు పిడికి చుట్టింది పాత సైకిల్ ట్యూబు ముక్క.

అప్పటిదాకా మాకు గ్రౌండంటే కోతలైన వరిచేనే. కొబ్బరిమట్టతో కొట్టి నేర్చుకున్నవాళ్ళం. వరిమోళ్ళకి తగిలి బంతి ఎటు గెంతుతుందో తెలిసేది కాదు. మర్నాడు కాకినాడ గడ్డి మీద అడుగుపెట్టేసరికి సున్నం గీతలు తెల్లగా మెరుస్తున్నాయి. 100 గజాల పొడుగు, 60 గజాల వెడల్పు. గోలు ముందు 16 గజాల మేర అర్ధచంద్రంలా గీసిన ‘డీ’. ఆ గీత లోపల కొడితేనే గోలు, బయట్నించి ఎంత గట్టిగా కొట్టినా లెక్కలోకి రాదు. సముద్రపు గాలికి పెదాలు ఉప్పగా అయ్యేవి. హాఫ్‌టైములో ఇచ్చిన నిమ్మచెక్క పులుపు ఇప్పటికీ నాలిక మీదే ఉంది.

ఓడిపోయాం లెండి. నేనైతే మోకాలు చెక్కుకుపోయి, కుంటుతూ ఏడుస్తూ బయటికొచ్చా. మాతో వచ్చిన పీఈటీ మేడం తలా ఒక కోటయ్య కాజా కొనిపెట్టింది. కొరకగానే పాకం మోచేతిదాకా కారింది, ఏడుపు అక్కడితో ఆగిపోయింది. మోకాలి మీద ఆ మచ్చ ఇదిగో, ఇంకా ఉంది. పెళ్ళిచూపుల నాడు మా అమ్మ దాన్ని దాచమంది. నేను దాచలేదు.

2023 ఫిబ్రవరిలో ఆడవాళ్ళ జాతీయ సీనియర్ హాకీ పోటీలు కాకినాడ డీఎస్‌ఏ గ్రౌండ్‌లో పెట్టారు కదండీ, మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళొచ్చా. ఇప్పుడంతా టర్ఫ్, అంటే కృత్రిమ గడ్డి. మా గడ్డి మీద బంతి గతుక్కీ గతుక్కీ మధ్య ఆగి ఆగి వచ్చేది. టర్ఫ్ మీద గీత గీసినట్టు తిన్నగా దూసుకొస్తుంది. ఒలింపిక్స్‌లో ఈ టర్ఫ్ మొదట వేసింది 1976లో, మాంట్రియల్‌లో. 1928 నుంచి ఆడిన ప్రతిసారీ పతకం తెచ్చిన మన మగవాళ్ళ జట్టు ఆ ఏడు ఏడో స్థానంలో ఆగింది. గడ్డి మీద పెరిగిన చేతులకి ఆ వేగం కొత్త మరి. అందుకే పిల్లలు చిన్నప్పుడే టర్ఫ్ మీద నిలబడాలి. మనకి దగ్గర్లో కాకినాడలో అది ఉంది.

ఎడమచేతి వాటం పిల్ల, ఏం ఆడుతుందన్నారట. చెప్తా వినండి. హాకీలో ఎడమచేతి వాళ్ళకని వేరే స్టిక్కు ఉండదు, అందరిదీ ఒకే వాటం. కానీ స్టిక్కు పైన పట్టుకునేది ఎడమ చెయ్యే. బంతిని ఇటూ అటూ తిప్పాలంటే స్టిక్కుని మెలితిప్పాల్సింది ఆ చెయ్యే. కుడిచెయ్యి కింద ఊతానికి. మేమంతా ఆ ఎడమచేతి మణికట్టు తిరగడానికి నెలల తరబడి అవస్థ పడ్డాం. మీ పిల్లకి అది పుట్టుకతోనే వచ్చింది.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఓ పల్లెటూరి పిల్ల ఎతిమరపు రజని దేశం జట్టుకి గోల్‌కీపరైంది. వాళ్ళింట్లోనూ ఒక నాయనమ్మో అమ్మమ్మో భయపడే ఉంటుంది. అయినా పంపారు కదండీ.

మన ఊళ్ళో చూడండి, చేలు రొయ్యల చెరువులయ్యాయి, ఖాళీ జాగాలు ప్లాట్లయ్యాయి. ఆడపిల్ల ఒళ్ళు మరచి పరిగెత్తడానికి నాలుగు గజాల నేల లేదు. జట్టులో చోటు రాకపోతే పోయె. ఆ గీతల మధ్య ఒక్కపూట పరిగెత్తొస్తే చాలు, జీవితమంతా గుర్తుంటుంది. నాకు నలభై ఏళ్ళయినా ఉంది.

పిల్ల ఒక్కత్తీ వెళ్తుందనే కదా మీ బెంగ? నేను వెంట వెళ్తాను. మూడు టిక్కెట్లు తీయిస్తాను, మీరూ రండి.