మడగాస్కరునందలి అస్తమయ శలభము

మడగాస్కరు ద్వీపపు రాజధానియగు అంటనానరివో నుండి మహజంగ రేవునకు పోవు మార్గమున అంకరఫాంట్సిక యను అరణ్యము కలదు. వానలు వెనుదీసినంతనే ఆకు రాల్చు అడవి యది. అచ్చట పట్టపగటి యెండలో, నల్లపట్టుపై చిలుకపచ్చ, నెమలికంఠపు వన్నె, బంగారు, కుంకుమ కలిపి నేసినట్టి రెక్కలతో నొక జీవి చెట్లతలలపై నెగురుచుండును. చూచినవారెల్లరు సీతాకోకచిలుక యనియే తలంతురు. కాని యది దీపముచుట్టు మూగు పురుగుల కుదురునకు చెందిన శలభము.

ఈ భ్రమ పండితులనుకూడ విడువలేదు. 1773వ సంవత్సరమున లండను నగరపు వెండిపనివాడును కీటకశాస్త్రజ్ఞుడును నగు డ్రూరీ దీనికి పేరిడినప్పుడు సీతాకోకచిలుకలలోనే చేర్చెను.

శలభము రాత్రి దిరుగుననియు, రంగు మాసియుండుననియు, వ్రాలినప్పుడు రెక్కలు పఱచుననియు మనమెఱుగుదుము. ఈ మూడు గురుతులును ఇచ్చట పనికిరావు. ఇది వ్రాలినప్పుడు సీతాకోకవలెనే రెక్కలు పైకి జోడించును! కావున ఏ మామిడిపూతమీదనో తేనెకై వ్రాలువఱకు నోర్చి, తలమీది మీసములను పరికింపవలెను. సీతాకోకచిలుక మీసమునకు కొనయందు గుండుసూది తలవంటి గుబ్బ యుండును. దీనికి గుబ్బ లేదు. మీసము దారమువలె కొనకు సన్నగిలును. తోకలు లెక్కించుట వ్యర్థము. వెనుక రెక్కలకు పెక్కు తోకలున్నను అవి తఱచుగా విఱిగిపోవును. కుడిరెక్క చిత్రము ఎడమరెక్క చిత్రముతో సరిగా నొప్పకుండుటయు దీని విశేషమే.

ఆ వన్నెలు అద్దకపు రంగులు కావు. నెమలిపింఛమందువలె, రెక్కపై పొలుసుల కట్టడిచేతనే వెలుతురు విఱిగి రంగులై తోచును. అందుచేతనే విక్టోరియా రాణి కాలపు ఇంగ్లీషు స్త్రీలు ఈ రెక్కలను నగలలో పొదిగించుకొనిరి. నేటికిని అద్దపుపెట్టెలలో బిగించి యమ్ముచున్నారు. నాకు మాత్రము ఎగురుచున్నదే నగ.

మలగాసీ భాషలో ‘లోలో’ యను నొక్కమాటయే సీతాకోకకును ఆత్మకును పేరు.

దీని గొంగళిపురుగు తినునది ఓంఫాలియా చెట్ల యాకు మాత్రమే. అవి మన పెరటి ఆముదపుచెట్టుకు చుట్టములు. ఆ ద్వీపమున నాలుగు తెగలు కలవు: మూడు పడమటి యెండు అడవులలోనివి, ఒకటి తూర్పు వానయడవులలోనిది. పడమట ఆకు రాలిన దినములలో పచ్చగా నుండునది ఆ తూర్పుచెట్టొక్కటే. అందుచేత శలభములు గుంపులుగా ద్వీపమున కడ్డముగా వలసపోవుచుండును. బొగ్గులకై పడమటను, పోడు వ్యవసాయమునకై తూర్పునను అడవి తఱుగుచునే యున్నది. ఒకవైపు అడవిని కాపాడి రెండవవైపు నఱికినచో, ఈ ప్రాణికి సగము సంవత్సరము పిల్లలకు మేత లేనట్లే.

చూడబోవువారు మార్చి మొదలు ఆగస్టులోపల పోవుట మేలు. అక్టోబరు, డిసెంబరుల నడుమ ఇవి మిక్కిలి యరుదు.