ఎవరు చెప్పిండ్రు బిడ్డా?

చలి లెక్కలు చెప్పే వార్తల్లో మా న్యాల్‌కల్ పేరు మీరు వినే ఉంటారు. డిసెంబరొస్తే సంగారెడ్డి జిల్లాలో ముందు వణికేవాళ్లలో మేమూ ఉంటాం. అందుకే వాకిట్లో కందికట్టెతో చలిమంట వేశాను. దగ్గరకు జరగండి, చేతులు కాచుకుంటూ నాలుగు ముక్కలు మాట్లాడుకుందాం.

ఒళ్లో పాల్కురికి సోమనాథుడి బసవపురాణం, పక్కన చెప్పుల డబ్బా నిండా కార్డులు. ఆ కావ్యం మీద పండితులు రాసినవి చదువుతూ, ఒక్కోదానికి ఒక్కో కార్డు రాస్తున్నాను. మొదట్లో నేను చేసిన పని చెబితే నవ్వుతారు. వేటూరి ప్రభాకరశాస్త్రి గారి 1926 నాటి పీఠిక ముందేసుకుని, బాగుందనిపించిన వాక్యమల్లా దించేశాను. డబ్బా నిండింది. “ఇంత రాసినవ్, ఏం తెలిసింది బిడ్డా?” అని పెద్దమ్మ అడిగితే నోరు పెగల్లేదు.

ఈ పెద్దమ్మకో అలవాటుంది. ఎవరు ఏ కబురు మోసుకొచ్చినా, “ఎవరు చెప్పిండ్రు? ఆయనకెట్ల ఎరుక?” అంటుంది. ఆ రెండు ప్రశ్నలే ఇప్పుడు నా ప్రతి కార్డు మీదా ఉన్నాయి.

సోమనాథుడి కాలమే తీసుకోండి. పన్నెండో శతాబ్దం చివర అని కొందరు, కాదు, రెండో ప్రతాపరుద్రుడి (1289–1323) రోజులని కొందరు. మధ్యలో వందేళ్ల తేడా! చిక్కు కొంత పేరులోనే ఉంది. అంతకుముందటి కాకతి రుద్రదేవుణ్నీ ప్రతాపరుద్రుడనే అన్నారు. పాత కథలో ఆ పేరు కనబడితే ముందటాయనా, తరవాతాయనా? కాబట్టి “ఫలానావారు ఇలా అన్నారు” అని రాసుకుంటే సగం పనే. ఆ మాటకు ఆధారం కావ్యంలో ఉందా, శాసనంలోనా, తరవాత పుట్టిన కథలోనా అన్నది కూడా రాస్తేనే కార్డుకు విలువ.

మా వైపు ఇంకో సుఖముంది. 1956 దాకా జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోదే. ఈ పురాణ నాయకుడు బసవన్న మంత్రిగా ఉన్న కల్యాణం ఇప్పుడూ ఆ జిల్లాలోనే, బసవకల్యాణంగా ఉంది. ఇక్కడి సంతలో తెలుగులో బేరం మొదలై కన్నడంలో తెగుతుంది. ద్విపదలో సాగిన సోమనాథుడి కావ్యానిదీ అదే దారి: 1369లో భీమకవి దాన్ని కన్నడ షట్పదిలోకి తీసుకెళ్లాడు. అంటే మన తగువుకు పక్కింటివాళ్లే ఓ గట్టు వేసిపెట్టారు. సోమనాథుణ్ని ఎంత ఇటు జరిపినా ఆ ఏడు దాటించలేం. తెలుగు పీఠికలే చదువుతూ కూర్చుంటే ఈ గట్టు ఎప్పటికి కనబడేది!

మొన్న ఓ కార్డు పెద్దమ్మకు చదివి వినిపించాను. అంతా విని, “వాళ్ల మాట అయింది. మరి నువ్వేమంటవ్?” అంది. అప్పటినుంచి కింద మూడో వరుస కూడా చేరింది. అది మాత్రం పెన్సిలుతోనే. కాలం గురించిన కార్డు మీద ఇప్పటికే రెండుసార్లు చెరిపాను.

మొదట దించిన కార్డులేమయ్యాయంటారా? కందికట్టె పచ్చిగా ఉంది మరి. ఇందాక మంట అంటుకుంది వాటితోనే.