కింది ఆకా, పై ఆకా

2023 నవంబరు 10

డాబా మీది టమాటా మొక్కల్లో పైనున్న ఆకులు కొన్ని తెల్లబడి, ముట్టుకుంటే పెళుసుగా విరుగుతున్నాయి. ఎండ నేరుగా తగిలే వైపే ఇలా ఉంది. ఆకు మీద ఆకు పడి నీడ వచ్చినచోట రంగు చెక్కుచెదరలేదు. తెగులైతే ఎండా నీడా చూసుకోదు. నర్సరీలో గ్రీన్ నెట్ కింద పెరిగిన నారు ఇది, డాబా ఎండకి ఇంకా అలవాటు పడలేదు. మందేమీ అక్కర్లేదు. నాలుగు రోజులు మధ్యాహ్నం పూట పాత చీర కట్టి నీడ ఇస్తే చాలు.

నవంబరు 17

నాగుల చవితి. పుట్టలో పాలు పోసి వస్తుంటే పక్కింటి వదినగారు పెరట్లోకి పిలిచారు. వాళ్ల టమాటాలు గిడసబారి ఉన్నాయి. అడుగు ఆకులు ఈనెలతో సహా పసుపు, పైకి వెళ్లేకొద్దీ రంగు నయం. నేల గుల్లబారుతుందని నాటే ముందు మిల్లు ఊక, తరిగిన ఎండుగడ్డి బాగా కలిపారట. అదీ సంగతి. గడ్డిని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని ముందు తామే లాగేసుకుంటాయి, వేరుకి మిగలదు. అప్పుడు మొక్క ముదురాకుల్లో ఉన్నది తీసి చిగురుకి పంపుకుంటుంది. కింది ఆకులు ముందు పాలిపోయేది అందుకే.

"చిటికెడు యూరియా నీళ్లలో కలిపి పోయండి వదినా. వేరుశనగ చెక్క నానబెట్టిన నీళ్లైనా సరే" అన్నాను.

"మీ డాబా మీదవీ పసుపే కదా వదినా, మీరూ అదే పోసేయండి, ఓ పనైపోతుంది" అన్నారావిడ.

మా వాటిది ఆ లోపం కాదు. మా మొక్కల్లో అడుగాకులు ముదురు ఆకుపచ్చగా నిండుగా ఉన్నాయి. చిగుళ్లే పసుపు. ఆ పసుపులో సన్నటి ఈనెలు మాత్రం పచ్చగా, గీత గీసినంత స్పష్టంగా కనిపిస్తున్నాయి. నత్రజని, మెగ్నీషియం, పొటాష్ మొక్కలో ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకి కదులుతాయి. ఇనుము ఒకసారి చేరినచోటి నుంచి అంతగా కదలదు. కాబట్టి కరువు చిగురుకే. దీనికి యూరియా పోస్తే పసుపు చిగుళ్లు ఇంకా ఎక్కువ వస్తాయంతే.

నవంబరు 18

ఇనుము మట్టిలో లేక కాదు. గోదావరి ఒండ్రులో ఇనుముకి లోటేమిటి? లోపం నీళ్లది. మా బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లటి పొర గీకితే గాని రాదు. ఆ సున్నమే రోజూ కుండీల్లోకి పోతోంది. మట్టి క్షారమెక్కితే ఉన్న ఇనుము కూడా వేరుకి అందదు.

అనుమానం తీర్చుకోవడానికి బజారు నుంచి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) తెప్పించాను. లేత ఆకుపచ్చ పలుకులు తీసుకోవాలి, తుప్పు రంగుకి తిరిగినది పనిచెయ్యదు. లీటరు వాన నీళ్లలో 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు. బోరు నీళ్లలో కలిపితే కాసేపటికే ఎర్రగా విరిగిపోతుంది. ఒకే కొమ్మ ఎంచుకుని, ఒక్కొక్క ఆకుకి నడి ఈనెకి ఒక పక్కన మాత్రం కుంచెతో రాశాను. సాయంత్రం పూటే రాయాలి, ఎండలో రాస్తే ఆకు మాడుతుంది.

నవంబరు 27

కార్తీక సోమవారం. గుడి నుంచి వచ్చి చూస్తే మందు రాసిన సగం ఆకుపచ్చకి తిరిగింది, రాయని సగం అలాగే ఉంది. ఒకే ఆకులో రెండు రంగులు! వదినగారిని పిలిచి చూపించాను. ఇనుమేనని ఇంతకన్నా రుజువు ఏం కావాలి? ఇక అన్ని మొక్కలకీ పిచికారీ చేసి, కుండీలకి బోరు నీళ్లు మానెయ్యాలి, కుళాయి నీళ్లే పొయ్యాలి.

ఇలా లోపాన్ని తెగులనుకోవడం కొత్త కాదు. వరిలో ఖైరాని ఏదో తెగులే అనుకున్నారు చాలాకాలం. అది జింకు లోపమని 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె అనే శాస్త్రవేత్త తేల్చారు. ఇప్పుడు మన డెల్టాలో జింకు సల్ఫేటు పేరు తెలియని వరి రైతు ఉండడు. పెరటి మొక్కకి మాత్రం ఇప్పటికీ కంటికి కనిపించిన రంగుని బట్టి పురుగుమందు కొట్టేస్తున్నారు. నాకు బాధగా ఉంటుంది, ఆ కాయలు తినేది ఇంట్లో పిల్లలే.

డిసెంబరు 6

మిచాంగ్ తుఫాను నిన్న బాపట్ల దగ్గర తీరం దాటింది. రెండు రోజులుగా ఒకటే వాన. కోసిన వరి పనలు నీళ్లలో తేలుతున్నాయి, రోడ్డు మీద ధాన్యం తడిసి ముద్దయింది. ఈ సమయంలో టమాటాల గురించి రాయడానికి చెయ్యి రావట్లేదు.

డిసెంబరు 9

వదినగారి పెరట్లో మొక్కలు తలలు వాల్చేశాయి, అడుగాకులు మళ్లీ పసుపు. వాడిపోయాయని ఆవిడ చెంబుతో నీళ్లు తెచ్చారు. ఆపాను. మా బంకమట్టిలో నీరు నిలిస్తే వేరుకి గాలి ఆడదు, గాలి లేని వేరు నీళ్లలో ఉండి కూడా తాగలేదు. మట్టి పిడికిట పట్టి వాసన చూస్తే మురుగు కంపు. కాలవ తీసి నీళ్లు బయటికి పంపించాం. పైమట్టి ఆరాక గుల్ల చెయ్యాలి. అంతవరకూ ఎరువు ఏదీ వద్దు.

డిసెంబరు 30

మా డాబా మీద కాపు పట్టింది. ముదురాకుల్లో ఈనెల మధ్య పసుపు, ఇది మెగ్నీషియం లోపం. మెగ్నీషియం సల్ఫేటు లీటరుకు 5 గ్రాములు కలిపి కొట్టాం. కట్టెల పొయ్యి బూడిద కుండీల్లో వెయ్యడం మాన్పించాను, బూడిదలోని పొటాష్ మెగ్నీషియాన్ని అందనివ్వదు. గోధుమ రంగు మచ్చలో వలయాలు కనిపించిన నాలుగు ఆకులు తుంచి కాల్చేశాం, అది ఆకుమాడు తెగులు.

2024 జనవరి 19

పండగ సందడి తగ్గాక డాబా ఎక్కాను. మూలనున్న మొక్క చిగుళ్లు పైకి ముడుచుకుని, ఆకులు చిన్నవై, అంచులు పసుపు కట్టాయి. పూత నిలవట్లేదు. కొమ్మ కదిపితే తెల్లదోమ లేచింది. ఇది ఆకుముడత వైరస్. రోగమున్న మొక్క మీద దోమ కాసేపు రసం పీల్చినా చాలు, బతికినన్నాళ్లూ మోసుకు తిరుగుతుంది.

"పచ్చికాయలున్నాయి కదా వదినా, పండేదాకా ఉంచకూడదా?" అన్నారు వదినగారు. ఆశ సహజమే. కానీ ఆకుముడతకి మందు లేదు, ఉంచితే మిగతా మొక్కలకీ అంటుకుంటుంది. సంచి తొడిగి, పీకి, తగలబెట్టాం. మిగతావాటి మధ్య పసుపు జిగురు అట్టలు కట్టాం.

వచ్చే ఏడాదికి అర్క రక్షక్ వేద్దామనుకున్నాం. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్లు తీసిన రకం, ఆకుముడత, బాక్టీరియా ఎండు, ఆకుమాడు మూడింటినీ తట్టుకుంటుంది. హైబ్రిడ్ కాబట్టి పండులోంచి గింజ తీసి దాచుకుంటే పనికిరాదు, ఏటా ప్యాకెట్టు కొనాల్సిందే.