పగటి దివిటీలు

ఉత్తర కలకత్తాలోని శ్యాంబజార్ కూడలిని ఆ నగరవాసులు ‘పాంచ్ మాథార్ మోడ్’ అని పిలుస్తారు. అయిదు తలల కూడలి అని దాని అర్థం. బిధాన్ సరణి, ఆచార్య ప్రఫుల్లచంద్ర రోడ్డు, బారక్‌పూర్ ట్రంక్ రోడ్డు, ఆర్.జి.కర్ రోడ్డు, భూపేన్ బోస్ ఎవెన్యూ అక్కడ ఒకదానినొకటి ఒరుసుకుంటాయి. నడుమ ఎత్తయిన పీఠంపై నేతాజీ గుర్రమెక్కి ఉంటాడు. ఆఫీసుల వేళ ఆ కూడలిలో కదలకుండా ఉండేది ఆ గుర్రం ఒక్కటే. బస్సులు, ఆటోలు, పసుపుపచ్చ టాక్సీలు, తోపుడు బండ్లు. వీటి సందుల్లోనుంచి నీటిలో చేపల్లా జారిపోయే మోటారు సైకిళ్లు. వాటి చప్పుడు అందరికీ వినబడుతుంది. అవి ఏ క్షణాన ఎక్కడున్నాయో మాత్రం పక్కనున్న బస్సు డ్రైవరుకు తెలియదు.

తెలియకపోవడానికి అతని కళ్లలో లోపమేమీ ఉండనక్కరలేదు. ముందునుంచి చూస్తే మోటారు సైకిలు వెడల్పు కారు వెడల్పులో సగమైనా ఉండదు. చిన్న వస్తువు ఉన్నదానికంటె దూరంగా ఉన్నట్లు తోచడం మానవ నేత్రానికి సహజం. పైగా రద్దీలో డ్రైవరు చూపు తనకు హాని చేయగల లారీనో, మరో బస్సునో వెదుకుతుంది. వెదకనిది ఎదుట నిలిచినా బుద్ధికి అందదు. 1981లో అమెరికాలో హ్యారీ హర్ట్ అనే పరిశోధకుడు లాస్ ఏంజలిస్ ప్రాంతంలో జరిగిన 900 మోటారు సైకిలు ప్రమాదాలను స్వయంగా సంఘటనా స్థలాలలో పరిశీలింపజేసి ఒక నివేదిక వెలువరించాడు. మరో వాహనంతో ఢీకొన్న ప్రమాదాలలో మూడింట రెండు వంతుల్లో తప్పు ఆ రెండో వాహనానిదేనని తేలింది. దానిని నడిపేవారు మోటారు సైకిలును చూడనే లేదు, లేదా చూసేసరికి సమయం మించిపోయింది. ‘‘నాకు కనబడలేదు’’ అన్న మాట వినని పోలీసు ఠాణా ప్రపంచంలో ఉండదు. చాలాసార్లు అది అబద్ధం కాకపోవడమే ఇందులోని విషాదం. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాలకు బలియైన 1,68,491 మందిలో 74,897 మంది ద్విచక్ర వాహనాలపై పోతున్నవారే.

2001లో కోల్‌కతాగా పేరు మార్చుకున్న ఈ మహానగరంలో రోడ్లకు దక్కిన భూమి మొత్తం వైశాల్యంలో ఆరు శాతం మాత్రమేనని చెబుతారు. ఢిల్లీలో ఇది అంతకు మూడింతలకు పైమాటే. ఉన్న రోడ్లలో కొన్ని ఉదయం ఒక దిక్కుకూ, మధ్యాహ్నం తిరిగాక మరో దిక్కుకూ సాగుతాయి. ప్రైవేటు బస్సు డ్రైవరుకూ, కండక్టరుకూ అమ్మిన టిక్కెట్లపై కమిషను. కనుక ముందరి స్టాపులో నిలుచున్న ప్రయాణికుల కోసం ఒకే మార్గపు బస్సులు రెండు పోటీ పడతాయి. ఎడమవైపు ఒక్కసారిగా ఒరిగే అటువంటి బస్సుకూ కాలిబాటకూ మధ్య చిక్కిన మోటారు సైకిలువాని సంగతి చెప్పనక్కరలేదు. వాన పడితే ట్రాము పట్టాలు చేప పొలుసులా నున్నబడతాయి. చూపు రోడ్డు మీదినుంచి పట్టాల మీదికి మళ్లుతుంది.

సూర్యుడు కూడా ఇక్కడ కొంత తొందర మనిషి. మన ప్రామాణిక కాలాన్ని నిర్ణయించే రేఖాంశం కాకినాడకు సమీపంగా పోతుంది. కలకత్తా దానికి ఆరు డిగ్రీలకు కాస్త తక్కువగా తూర్పున ఉన్నందువల్ల అక్కడి సూర్యుడు గడియారం కంటె సుమారు 24 నిమిషాలు ముందు నడుస్తాడు. (ఆ నగరం తన సొంత కాలమానాన్ని 1948 వరకూ వదులుకోలేదు.) డిసెంబరు ఆరంభంలో అయిదు గంటలు కాకుండానే పొద్దు వాలిపోతుంది. గుమాస్తాలు కుర్చీల్లోనుంచి లేవకముందే వీధుల్లో మసక కమ్ముకుంటుంది. దీపం వేసుకోవాలా, అక్కరలేదా అని మనిషి తటపటాయించే ఆ వేళే ప్రమాదకరమైనది.

ఆ తటపటాయింపుకు 2017 ఏప్రిల్ 1న తెర పడింది. ఆనాటినుంచి దేశంలో తయారయ్యే కొత్త ద్విచక్ర వాహనాలన్నిటికీ, ఇంజను నడుస్తున్నంతసేపూ ముందు దీపం తనంతట తానే వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. దీపాన్ని ఆర్పే మీట హ్యాండిలు మీదినుంచి మాయమైంది. బ్యాటరీ అరిగిపోతుందని, పెట్రోలు ఎక్కువ తాగుతుందని చాలామంది సణిగారు. మొదటి నెలల్లో దేశమంతటా ఒక వింత కనబడింది. ఎదురుగా వచ్చేవారు పిడికిలి మూసి తెరుస్తూ, ‘లైటు వెలుగుతోంది, ఆర్పుకో’ అని సైగ చేసేవారు. ఆర్పే వీలు లేదని బండివాడు తల అడ్డంగా ఊపేవాడు. ఒక విధంగా ఆ సైగే చట్టానికి దక్కిన యోగ్యతాపత్రం. దీపం అందరి కంటా పడింది కదా! బస్సు పక్కనున్న అద్దంలో నల్లని చుక్కగా కలిసిపోయే బండి ఇప్పుడు తెల్లని చుక్కగా వేరుపడింది. మలేషియా ఇదే పనిని 1992లోనే చేసింది. బండి కంటికి ఆనకపోవడం వల్ల జరిగే ప్రమాదాలు దాని దరిమిలా దాదాపు 29 శాతం తగ్గాయని అక్కడి పరిశోధకులు లెక్కకట్టారు.

తెలుగునాట పగటి దివిటీ ఒకప్పుడు రాజలాంఛనం. ఎండ కాస్తుండగా ముందు కాగడాలు పట్టించుకుని నడవడం ప్రభువులకూ, వారు మెచ్చిన మహనీయులకూ దక్కే గౌరవం. స్వతంత్ర భారతంలో ఆ స్థానాన్ని మంత్రుల, అధికారుల కార్లపై తిరిగే ఎర్రదీపం ఆక్రమించింది. 2017 మే 1 నుంచి ఆ ఎర్రదీపాలనూ తొలగించారు. పాలవాని బండికి పగటి దీపం వచ్చిన సరిగ్గా నెలకు మంత్రిగారి కారు దీపం ఆరింది.

నిలకడగా వెలిగే దీపమే ఇంత చేస్తే, మిణుకుమనే దీపం ఇంకెంత చేస్తుందో అని కొందరు ఆలోచించారు. కంటి కొసలకు రంగూ రూపూ అంతగా తెలియకపోయినా, మార్పు మాత్రం వెంటనే తెలుస్తుంది. ఆ సూత్రంపైనే అమెరికాలో పగటిపూట మోటారు సైకిలు ముందు దీపపు కాంతి హెచ్చి తగ్గుతూ ఉండే పరికరానికి కేంద్ర నిబంధనలు అనుమతినిచ్చాయి. నిమిషానికి 240 సార్లు, 40 అటూ ఇటూ, ఆ హెచ్చుతగ్గులు జరగాలి. దీపం పూర్తిగా ఆరకూడదు. కనిష్ఠ కాంతి గరిష్ఠంలో 17 శాతానికి దిగరాదు. చీకటి పడగానే దానిని గ్రహించి, మిణుకును ఆపే సాధనం కూడా ఉండాలి. ఎంతో జాగ్రత్తగా కొలిచి ఇచ్చిన అనుమతి అది.

కలకత్తాకు అది నప్పుతుందా? నప్పదనే చెప్పవలసి ఉంటుంది. ఈ దేశపు రోడ్లపై వెలిగి ఆరే దీపానికి ముందునుంచే ఒక అర్థం స్థిరపడి ఉంది. డ్రైవర్లు ‘డిప్పర్’ అని పిలిచే ఆ మెరుపును ఇంగ్లండులో ఎదుటివాడు చూపితే, ‘తమరు ముందు పోవచ్చు’ అనే మర్యాదగా తీసుకోవడం పరిపాటి. హౌరా వంతెన మీద చూపితే, ‘నేను ఆగను, నువ్వు ఆగు’ అని అర్థం. నిలకడ దీపం ‘నేనున్నాను’ అంటుంది. మిణుకు దీపం ‘తప్పుకో’ అంటుంది. అంబులెన్సు, అగ్నిమాపక శకటం వంటివాటికి మిణుకు దీపాన్ని ప్రత్యేకించిన మన నిబంధనల ఆంతర్యం అదే. అయినా విడిభాగాల దుకాణాల్లో చవక మెరుపు దీపాలు కొని బిగించుకునే కుర్రకారుకు కొదవ లేదు. వాటికి కొలతా లేదు, చీకటి పడితే ఆగే తెలివీ లేదు. రాత్రివేళ ఒంటి దీపం ఎంత దూరాన, ఎంత వేగంతో వస్తున్నదో అంచనా కట్టడం మామూలుగానే కష్టం. అది మిణుకుతూ ఉంటే రోడ్డు దాటే వృద్ధురాలు ఏమని గ్రహించాలి?

దుర్గాపూజ రాత్రుల్లో చూడాలి. దీపాలంకరణకు పేరుపడ్డ చందన్‌నగర్ పనివారు కట్టిన బొమ్మలు వీధుల నిండా వెలిగి ఆరుతూ, ఆరి వెలుగుతూ ఉంటాయి. నెమలి పురి విప్పుతుంది, రైలు పరుగెడుతుంది, పువ్వు విచ్చుకుంటుంది. ఆ కాంతి సముద్రంలో ఏ మిణుకు బండిదో, ఏ మిణుకు బొమ్మదో చెప్పడం ఎవరి తరమూ కాదు. పోలీసులు కూడా ఆ రాత్రుల్లో దీపాలను నమ్ముకోరు. కూడళ్లలో లావుపాటి తాళ్లు అడ్డం పట్టి జనాన్ని ఆపుతారు. బండ్లు పోయాక తాడు దించుతారు, జనం కదులుతారు. మళ్లీ తాడు లేస్తుంది.