ముఖం అదే, మనిషి వేరు

ఏబెల్ ఫెరారా తీసిన ‘బాడీ స్నాచర్స్’ 1993లో కాన్ చిత్రోత్సవపు పోటీ విభాగంలో నిలిచింది. మరుసటి ఏడాది అమెరికాలో మాత్రం కొద్దిపాటి థియేటర్లకే పరిమితమై, అయిదు లక్షల డాలర్లు కూడా వసూలు చెయ్యకుండా కనుమరుగైంది. రోజర్ ఈబర్ట్ పూర్తిగా నాలుగు నక్షత్రాలిచ్చినా ఫలితం లేకపోయింది. ఒకే కథకు మూడో సినిమా అన్న చులకనే అందుకు కొంత కారణం కావచ్చు. 2016లో వార్నర్ ఆర్కైవ్ దాన్ని బ్లూరేగా మళ్ళీ తెచ్చింది. బ్లూరే లోకపు పంపకాల్లో మలేసియా అమెరికాతో పాటు ‘ఏ’ ప్రాంతంలోనూ, భారతదేశం ‘సి’ ప్రాంతంలోనూ ఉన్నాయి. కాబట్టి ఆ డిస్కు పోర్ట్ క్లాంగ్‌లోని ఒక తెలుగు ఇంటికి ఏ ఇబ్బందీ లేకుండా చేరింది. తెప్పించుకున్నాయన ఓడరేవులో సరుకు లెక్కలు చూసే ఉద్యోగి. ఆయన ఈ సినిమాను ఎలా చూశాడన్నది కొంచెం తరవాత.

మూలం జాక్ ఫిన్నీ నవల. 1954లో ‘కొలియర్స్’ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1955లో పుస్తకమైంది. అంతరిక్షం నుంచి రాలిన విత్తనకాయలు, నిద్రపోతున్న మనుషులకు అచ్చంగా నకళ్ళను పుట్టిస్తాయి. అసలు మనిషి ధూళైపోతాడు. కథ చెప్పేవాడు చిన్న ఊరి వైద్యుడు. అతని దగ్గరికి వచ్చే మొదటి ఫిర్యాదు జ్వరమూ కాదు, నొప్పీ కాదు: “మా మామయ్య మా మామయ్య కాడు.” మచ్చ ఉన్నచోటే ఉంది, పాత సంగతులన్నీ గుర్తున్నాయి, లేనిదల్లా చూపులో ఉండవలసిన ఆపేక్ష.

తెలుగు పాఠకులకు మారురూపాలు కొత్త కాదు. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో కళాభాషిణి రంభ రూపంలోనూ, మణికంధరుడు నలకూబరుడి రూపంలోనూ ఉండగా అసలు రంభ వచ్చిపడుతుంది. అక్కడ రూపమే మారింది, లోపలి కోరిక మారలేదు. అందుకే ఆ చిక్కు చివరకు వినోదంగానే మిగులుతుంది. ఫిన్నీ దీన్ని తలకిందులు చేశాడు. రూపమూ జ్ఞాపకమూ నిలిచి, కోరిక ఒక్కటే పోతుంది. ఇందులో నవ్వుకు చోటు లేదు.

వైద్యంలో ఈ ఫిర్యాదుకు నవల కన్నా పాత పేరుంది. 1923లో ఫ్రెంచి వైద్యులు కాప్‌గ్రా, రెబూల్-లాషో తనవాళ్ళ స్థానంలో నకిలీలు వచ్చారని నమ్మే ఒక స్త్రీ గురించి రాశారు. తలకు దెబ్బ తగిలినవారిలోనూ, మతిమరుపు వ్యాధులున్న వృద్ధుల్లోనూ ఈ లక్షణం కనిపిస్తుంది. ప్రమాదంలో గాయపడి, తల్లిదండ్రులను మోసగాళ్ళనుకున్న ఒక యువకుడి గురించి వి.ఎస్. రామచంద్రన్ వివరంగా రాశాడు. అదే తల్లిదండ్రులు ఫోనులో మాట్లాడితే అతను వెంటనే పోల్చుకునేవాడు. ముఖాన్ని గుర్తించే చోటుకూ, మమకారాన్ని కదిలించే చోటుకూ మధ్య దారి తెగిపోయిందనీ, గొంతుకు మాత్రం వేరే దారి మిగిలి ఉందనీ రామచంద్రన్ వివరణ.

పోర్ట్ క్లాంగ్ ఇంట్లో ఆ స్త్రీకి ఎనభై దాటాయి. బాగాన్ దాతో కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషి, నలుగురు పిల్లల్ని తెలుగులోనే తిట్టి, తెలుగులోనే లాలించి పెంచింది. జబ్బు ముదిరాక కొడుకును ‘మీరు’ అనడం మొదలుపెట్టింది. అన్నం పెడితే చేతులు జోడించేది. “మావాడు వచ్చే వేళయింది నాయనా, ఇక మీరు బయల్దేరండి” అనేది, ఎంతో మర్యాదగా. ఆ మర్యాదకు ఆయన తట్టుకోలేకపోయేవాడు. ఒకరోజు రేవు నుంచి ఫోను చేస్తే, “ఏరా, తిన్నావా?” అని వినిపించింది. ఆనాటి నుంచి ఆయన కొన్ని సాయంత్రాలు ఇంటికి వచ్చి కూడా లోపలికి పోక, గేటు దగ్గరే కారులో కూర్చుని తల్లికి ఫోను చేసేవాడు. తరవాత లోపలికి వెళ్ళి ‘మీరు’ అనిపించుకునేవాడు.

ఫెరారా సినిమా విలువ తెలిసేది ఇలాంటి ఇంట్లోనే. డాన్ సీగెల్ (1956) ఊరిని భయపెట్టాడు, ఫిలిప్ కాఫ్‌మన్ (1978) నగరాన్ని భయపెట్టాడు. ఫెరారా ఒక సైనిక స్థావరంలోకి ఒక కుటుంబాన్ని దింపాడు. అందరూ ఒకే దుస్తుల్లో, ఒకే నడకలో ఉండేచోట నకలును పట్టుకునేదెవరు? ఇంట్లోనూ అంతే. కూతురు మార్టీకి కేరల్ సవతి తల్లి. తల్లి స్థానంలోకి వేరొకరు రావడం ఆ పిల్లకు ముందే జరిగిపోయిన సంగతి, కాయలు రాకముందే. కేరల్ నిజంగా మారిపోయినప్పుడు ఆ మాట ముందుగా చెప్పేది ఆమె కన్నకొడుకు, పసివాడు ఆండీ. తండ్రి నమ్మడు. అంతకుముందే బడిలో పిల్లలంతా ఒకే బొమ్మ వేసి పైకెత్తి చూపిస్తే, వేరే బొమ్మ వేసింది ఆండీ ఒక్కడే. ఎనభై ఏడు నిమిషాల సినిమాలో నెత్తురు లేని ఆ ఘట్టమే అన్నిటికన్నా భయంకరమైనది.

లోపాలు లేకపోలేదు. ప్రేమకథ పలచన, చివరి పేలుళ్ళు ఎవరైనా తీయగలిగినవే. మొత్తం మీద నిలిచేది ఇద్దరు: కేరల్‌గా మెగ్ టిల్లీ, స్థావరపు వైద్యుడు కాలిన్స్‌గా ఫారెస్ట్ విటకర్. నిద్రంటే భయపడుతున్న రోగుల మాట కాలిన్స్ వింటాడు. చివరికి తానే మాత్రలు మింగుతూ మెలకువగా ఉంటాడు. 1956 సినిమాలో లారీ ప్రమాదంలో కాయలు బయటపడ్డాకే వైద్యులు కథానాయకుణ్ణి నమ్ముతారు. కాలిన్స్ వినడంతోనే మొదలుపెడతాడు, అందుకు ప్రాణమూ ఇచ్చుకుంటాడు.

పోర్ట్ క్లాంగ్ ఉద్యోగి తల్లి పోయిన ఏడాదికి ఈ డిస్కు చూశాడు. కాయలను లారీలకెక్కించి వేరే స్థావరాలకు పంపే దృశ్యం దగ్గర, రోజూ ఒకేలా ఉండే కంటైనర్లను లెక్కపెట్టే మనిషి కాబట్టి, నవ్వుకున్నాడట. చివరి ఘట్టం మాత్రం రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాడు. హెలికాప్టర్ మరో స్థావరంలో దిగుతుంది. కింద సంజ్ఞలు చేస్తున్నవాడు మనిషో నకలో తెలియదు. అప్పుడు కేరల్ గొంతు వినిపిస్తుంది, మెత్తగా, తొందర లేకుండా.